విజయనగరం ట్రాఫిక్ ప్లాన్ సవరణలో మీ వార్డు మాట చేర్పించడం ఎలా

విజయనగరంలో ట్రాఫిక్ మాట ఎత్తితే రెండే పరిష్కారాలు వినిపిస్తాయి. రోడ్డు వెడల్పు చేసేయాలి, లేదా ఆటోలను తీసేయాలి. గంటస్తంభం దగ్గర టీ తాగుతూ చెప్పుకోవడానికి ఈ రెండూ బాగానే ఉంటాయి. ఇరవై ఏళ్ల రవాణా ప్లాన్‌ను సవరించేటప్పుడు మాత్రం వీటిని ఎవరూ రాసుకోరు. అక్కడ లెక్క చూపించినవారి మాటే చెల్లుతుంది.

ఆ లెక్క మీరే ఎలా తీయాలి, ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి అన్నదే ఇక్కడ చెబుతున్నాను. కాలనీ సంఘమైనా, వ్యాపారుల సంఘమైనా, ఉదయం నడకకు కలిసే నలుగురు రిటైర్డ్ ఉద్యోగులైనా చేయగల పనే ఇది. ఇంజినీరింగ్ చదవనక్కర్లేదు. కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

ముందుగా ఒక హెచ్చరిక. చాలామంది ముసాయిదా మ్యాప్ బయటికి వచ్చాక, తమ ఇంటి మీదుగా ఎర్రగీత కనిపించాక మేలుకుంటారు. అప్పటికి ప్లాన్ తయారుచేసే కన్సల్టెంట్ సర్వేలు ముగించేసి ఉంటాడు, డబ్బు కూడా చాలావరకు తీసుకుని ఉంటాడు. గీతను అటూ ఇటూ జరపడం తప్ప పెద్ద మార్పులు జరగవు. మీరు వెళ్లాల్సింది సర్వే దశలో. కాబట్టి "ప్లాన్ సవరిస్తారట" అన్న వార్త పేపర్లో జిల్లా పేజీ మూలన కనిపించిన రోజే పని మొదలుపెట్టండి.

ఏ ప్లానో, ఎవరి ప్లానో తేల్చుకోండి

ప్లాన్ అనే పేరుతో మన ఊళ్లో మూడు రకాల కాగితాలు తిరుగుతుంటాయి. మొదటిది మాస్టర్ ప్లాన్. ఏ భూమి దేనికి వాడాలి, ఏ రోడ్డు ఎన్ని అడుగులు ఉండాలి అనేది ఇందులో ఉంటుంది. దీనికి చట్టబలం ఉంటుంది. రెండోది సమగ్ర రవాణా ప్రణాళిక. జనం ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందులో వెళ్తున్నారో సర్వే చేసి, బస్సులు, ఫుట్‌పాత్‌లు, పార్కింగ్, బైపాస్‌ల గురించి చెబుతుంది. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దీనికి కనీసం 20 ఏళ్ల ముందుచూపు ఉండాలి, 5 ఏళ్లకోసారి సవరించాలి. మూడోది ట్రాఫిక్ పోలీసులు చేసే తాత్కాలిక ఏర్పాటు. ఫలానా వీధి వన్‌వే, ఫలానా చోట పార్కింగ్ లేదు అన్నలాంటివి.

మూడింటికీ ఒకే అర్జీ పెడితే ఎవరూ పట్టించుకోరు. మీ బాధ బడి ముందు స్పీడ్ బ్రేకర్ గురించైతే మాస్టర్ ప్లాన్ దాకా వెళ్లకండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే సరిపోతుంది.

విజయనగరం పట్టణం విశాఖ మహానగర ప్రాంతాభివృద్ధి సంస్థ, అంటే వీఎంఆర్‌డీఏ పరిధిలో ఉంది. పాత విశాఖ నగరాభివృద్ధి సంస్థ, అంటే వుడాయే 2018లో ఈ సంస్థగా మారింది. 2041 దాకా చూపుతో చేసిన మాస్టర్ ప్లాన్ 2021లో వచ్చింది. అంటే విజయనగరం రోడ్ల గీతలు గీసే ఆఫీసు విశాఖలో ఉంది, వాటిని అమలు చేయాల్సిన ఆఫీసు మన కార్పొరేషన్. ఈ దూరం వల్ల వచ్చే తిప్పలు చిన్నవి కావు. శ్రీకాకుళం పాఠకులకైతే 2019లో ఏర్పడిన శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ, సుడా ఉంది. ఏడు రోడ్ల జంక్షన్ గురించి మీరు వెళ్లాల్సింది అక్కడికి, మీ కార్పొరేషన్‌కి. మిగతా పద్ధతంతా ఒకటే.

ఇక రోడ్డు ఎవరిదో చూడండి. మనకు ఒకే రోడ్డులా కనిపించేది కాగితం మీద ముక్కలు ముక్కలుగా ఉంటుంది. నాతవలస నుంచి పట్టణం మీదుగా గజపతినగరం, సాలూరు వైపు పోయేది 26వ నంబరు జాతీయ రహదారి. అరకు, ఎస్.కోట మీదుగా వచ్చేది 516ఈ. కొన్ని రోడ్లు ఆర్ అండ్ బీవి, లోపలి వీధులు కార్పొరేషన్‌వి. పట్టాల దగ్గరికొస్తే రైల్వే. బస్సుల సంగతి ఆర్టీసీ. వీటన్నిటినీ ఒక్కచోట కూర్చోబెట్టే కుర్చీ జిల్లాలో ఒక్కటే, కలెక్టర్ అధ్యక్షత వహించే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ. అది రోజువారీ రవాణా కోసం పెట్టింది కాదు. అయినా అందరూ ఒకే గదిలో దొరికేది అక్కడే గనుక మీ కాగితం ఒక ప్రతి ఆ కమిటీకి కూడా పంపండి.

ఇదంతా తెలుసుకోవడానికి మొదటి మెట్టు మీ వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శి. మీ వీధి ఏ శాఖదో, పాత ప్లాన్‌లో దాని వెడల్పు ఎంత పెట్టారో ఆయన దగ్గర తెలిసే అవకాశం ఉంది. తెలియకపోతే కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు వెళ్లండి.

పాత ప్లాన్ చేతిలోకి తెచ్చుకోండి

సవరించేది దేన్నో చూడకుండా సవరణ గురించి మాట్లాడలేం. మాస్టర్ ప్లాన్ మ్యాప్‌లు సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటాయి. కానీ మ్యాప్ ఒక్కటే చాలదు. దాని వెనకాల నివేదిక ఉంటుంది, అందులో ట్రాఫిక్ సర్వేల అనుబంధాలు ఉంటాయి. మనకు కావాల్సింది ఆ అనుబంధాలే. అవి దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, మండల స్థాయి ఆఫీసులో అయితే 5. జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తు వేరే శాఖకు సంబంధించినదైతే 5 రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి. "మాది కాదు, అక్కడికి వెళ్లండి" అని మిమ్మల్ని తిప్పకూడదు. ఈ సంగతి కౌంటర్ దగ్గర మర్యాదగా గుర్తు చేయండి.

దరఖాస్తులో "ట్రాఫిక్ ప్లాన్ వివరాలు ఇవ్వండి" అని రాస్తే రెండు లైన్ల జవాబు వస్తుంది. విడివిడిగా అడగండి: ఏ జంక్షన్లలో, ఏ తేదీల్లో వాహనాలు లెక్కించారు; గంటవారీ లెక్కల ప్రతులు; ఇంటింటి ప్రయాణ సర్వే ఎన్ని కుటుంబాల్లో చేశారు, మా వార్డులో ఎన్ని; ప్రతిపాదిత రోడ్ల జాబితాలో ఇప్పటివరకు పూర్తయినవి ఏవి; కన్సల్టెంట్‌కు ఇచ్చిన పని నిబంధనల ప్రతి. ఈ చివరిది బంగారం. అందులో ఏయే సర్వేలు చేయాలో, ప్రజలతో ఎన్ని సమావేశాలు పెట్టాలో రాసి ఉంటుంది. అవి జరగకపోతే అడిగే హక్కు మీకు దొరికినట్టే.

మ్యాప్ చేతికొచ్చాక పెద్దదిగా ప్రింట్ తీయించి మూడు రంగుల పెన్నులు పట్టుకోండి. పూర్తయిన రోడ్డు ఆకుపచ్చ, సగం అయినది పసుపు, కాగితం మీదే మిగిలింది ఎరుపు. ఈ పని కూర్చుని చేసేది కాదు, బండి మీద తిరిగి చూసి వేయాల్సింది. ఎరుపు ఎక్కువైతే కంగారు పడకండి. ఏ ఊరి ప్లాన్ తీసినా ఎరుపే ఎక్కువ ఉంటుంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి, ఎరుపు గీత కాగితం మీద ఉన్నంత మాత్రాన ఊరికే ఉండదు. ఆ గీత పక్కన ఇల్లు కట్టుకోవడానికి అనుమతికి వెళ్తే ప్రతిపాదిత వెడల్పును లెక్కలోకి తీసుకునే అనుమతిస్తారు. రోడ్డు ఇరవై ఏళ్లయినా రాదు, మీ స్థలంలో నాలుగు గజాలు మాత్రం వెనక్కి పోతాయి. అందుకే సవరణలో "కొత్త రోడ్డు కావాలి" అని అడగడం ఎంత ముఖ్యమో, "ఇక రాని ఈ రోడ్డును తీసేయండి" అని అడగడం కూడా అంతే ముఖ్యం. రెండోది ఎవరూ అడగరు.

పాత లెక్క ఎందుకు చెల్లదో రాయండి

"జనాభా పెరిగింది, వాహనాలు పెరిగాయి" అని రాయకండి. అది అందరికీ తెలుసు. సర్వే తర్వాత ప్రయాణాల దిశ ఎలా మారిందో రాయండి. మన జిల్లాకు సంబంధించి కనీసం ఇవి ఉన్నాయి.

2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయింది. పార్వతీపురం మన్యం వేరైంది. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం ప్రాంతం మనకు కలిసింది. కలెక్టరేట్ పని మీద పార్వతీపురం నుంచి వచ్చేవాళ్లు తగ్గారు, చీపురుపల్లి, రాజాం వైపు నుంచి రావాల్సినవాళ్లు పెరిగారు. అంతకుముందు చేసిన ఏ సర్వేలోనూ ఈ మార్పు ఉండదు. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. రోగి ఒక్కడు వస్తే వెంట ఇద్దరొస్తారు, వాళ్లలో చాలామంది బస్సు దిగి ఆటో ఎక్కేవాళ్లే. ద్వారపూడి దగ్గరి జేఎన్‌టీయూ కాలేజీ 2022లో సొంత విశ్వవిద్యాలయమైంది. భోగాపురం విమానాశ్రయం వల్ల పట్టణానికి తూర్పున కొత్త దారులు పుడుతున్నాయి, వాటి వెంట లేఅవుట్లు ముందే మొలిచాయి.

వీటన్నిటికన్నా పెద్ద మార్పు 2025 ఆగస్టు 15న వచ్చింది. ఆ రోజు నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. నెల్లిమర్ల నుంచి సర్వీస్ ఆటోలో వచ్చే కూలీ మహిళ ఇప్పుడు బస్సు కోసం చూస్తుంది. కాబట్టి ఆ తేదీకి ముందు తీసిన బస్సు ప్రయాణికుల లెక్క ఏదైనా చెత్తబుట్టకే అని నా అభిప్రాయం. మీ అర్జీలో ఇంత ఘాటుగా రాయనక్కర్లేదు, "ఆగస్టు 2025 తర్వాత బస్సు సర్వే మళ్లీ చేయాలని కోరుతున్నాం" అంటే చాలు.

జంక్షన్‌లో నిలబడి లెక్కపెట్టండి

అసలు పని ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మంగళ, బుధ, గురువారాల్లో ఒక రోజు ఎంచుకోండి. సోమవారం ఆఫీసు అర్జీల రద్దీ, వారాంతం వేరే లెక్క. లగ్గాల రోజులు వద్దు, బడులకు సెలవున్న రోజులు వద్దు, పైడితల్లమ్మ పండగ వారం అసలే వద్దు. ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4:30 నుంచి 8 వరకు సరిపోతుంది. ఒక్కో దారికి ఇద్దరు మనుషులు. ఒకరు చూసి చెబుతారు, ఒకరు గీతలు పెడతారు. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. కాగితం పావుగంటకొకటి మార్చండి. ఫోన్ పైన ఎక్కడైనా పెట్టి వీడియో కూడా తీసుకుంటే తర్వాత ఎవరైనా "మీ లెక్క నమ్మేదెలా" అంటే చూపించవచ్చు. జంక్షన్‌లో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు ముందే చెప్పండి, లేకపోతే మీరేదో గొడవకు తయారవుతున్నారనుకుంటారు.

కాలమ్‌లు ఇవి: ద్విచక్ర వాహనాలు, ఆటోలు, కార్లు, బస్సులు, లారీలు, చిన్న గూడ్స్ బండ్లు, సైకిళ్లు, తోపుడు బండ్లు. చివరి కాలమ్ నడిచి రోడ్డు దాటేవాళ్లు. ఈ కాలమ్‌ను కన్సల్టెంట్లు తరచూ వదిలేస్తారు. మూడు లాంతర్ల దగ్గర, కోట జంక్షన్ దగ్గర, ఘోషా ఆసుపత్రి ముందు నడిచేవాళ్లను లెక్కపెట్టకుండా తీసిన ట్రాఫిక్ లెక్క ఏం లెక్క?

తర్వాత వాహనాలను ఒకే కొలతలోకి మార్చాలి. దాన్ని పీసీయూ అంటారు, కారును 1గా పెట్టుకుని మిగతావి ఎంత చోటు తింటాయో చెప్పే అంకె. పట్టణ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 106వ నియమావళి వాడతారు. అందులో ఒక రకం వాహనం మొత్తంలో 5 శాతం లోపుంటే ఒక అంకె, 10 శాతం దాటితే పెద్ద అంకె ఉంటుంది. ద్విచక్ర వాహనం 0.5 లేదా 0.75. ఆటో 1.2 లేదా 2. బస్సు, లారీ 2.2 లేదా 3.7. చిన్న గూడ్స్ బండి 1.4 లేదా 2. సైకిల్ 0.4 లేదా 0.5. రెండు శాతాల మధ్యలో ఉంటే మధ్య అంకె తీసుకోండి.

ఉదాహరణకు లెక్క చేసి చూద్దాం. ఈ అంకెలు నేర్చుకోవడానికి ఊహించినవే, ఏ జంక్షన్‌వీ కావు. రెండు లేన్ల రోడ్డు మీద గంటకు రెండు వైపులా కలిపి 900 ద్విచక్ర వాహనాలు, 200 ఆటోలు, 100 కార్లు, 30 బస్సులు పోయాయనుకోండి. ద్విచక్ర వాహనాలు 10 శాతం దాటాయి, కాబట్టి 900 × 0.75 = 675. ఆటోలూ దాటాయి, 200 × 2 = 400. కార్లు 100. బస్సులు 5 శాతం లోపే, 30 × 2.2 = 66. మొత్తం 1,241 పీసీయూలు.

ఇప్పుడు ఇదే నియమావళిలో రోడ్డు సామర్థ్యం చూడండి. రెండు లేన్ల రోడ్డు పక్కన బండ్లు ఆగకుండా, అడ్డంగా వచ్చే రాకపోకలు తక్కువగా ఉంటే గంటకు 1,500 పీసీయూలు. పక్కన దుకాణాలున్నా బండ్లు ఆగకపోతే 1,200. దుకాణాలూ ఉండి, బండ్లూ ఆగి, జనం అడ్డంగా దాటుతుంటే 900. రోడ్డు అదే, వెడల్పు అదే. పక్కన ఏం జరుగుతోందో దాన్ని బట్టి 1,500 కాస్తా 900 అయిపోయింది. మన ఉదాహరణలో 1,241 పీసీయూల రద్దీ 900 పీసీయూల రోడ్డు మీద ఇరుక్కుంటోంది. అదే రోడ్డు పక్కన పార్కింగ్ సరిచేసి, దాటే చోట్లు ఏర్పాటు చేస్తే ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ఒక్క గోడ కూల్చనక్కర్లేదు. వెడల్పు చేసిన రోడ్డు పక్కన మళ్లీ బండ్లు ఆపితే అది మళ్లీ అదే కథ.

ఇంకో లెక్క చేయండి. దీన్ని మీ అర్జీలో మొదటి పేజీలో పెట్టండి. ద్విచక్ర వాహనానికి సగటున 1.3 మంది, ఆటోకు 5, కారుకు 2, బస్సుకు 40 అనుకుంటే పై గంటలో వరుసగా 1,170, 1,000, 200, 1,200 మంది ప్రయాణించారు. అంటే 30 బస్సులు రోడ్డులో దాదాపు 5 శాతం చోటు తీసుకుని మూడో వంతు జనాన్ని మోశాయి. 900 ద్విచక్ర వాహనాలు సగానికి పైగా చోటు తీసుకుని అంతే జనాన్ని మోశాయి. మీ జంక్షన్‌లో బండికి ఎంతమంది ఉన్నారో కూడా కాసేపు చూసి ఈ సగటులు మార్చుకోండి. ప్లాన్ మోయాల్సింది వాహనాలను కాదు మనుషులనే మాట 2006 జాతీయ పట్టణ రవాణా విధానంలోనే ఉంది. మీరు కొత్తగా వాదించాల్సిందేమీ లేదు, వాళ్ల మాటే వాళ్లకు మీ అంకెలతో చూపిస్తున్నారు.

లెక్కలో పడనివాళ్లను వెతకండి

జంక్షన్ లెక్కలో ఆ చోట ఉన్నవాళ్లే కనిపిస్తారు. బస్సు లేక రానివాళ్లు, రోడ్డు దాటలేక ఇంట్లోనే ఉండిపోయిన పెద్దవాళ్లు కనిపించరు. దీనికి ఇంటింటి సర్వే చేయాలి. వీధికి పది ఇళ్లు చాలు. నిన్న ఎవరెవరు ఎక్కడికి వెళ్లారు, ఎందులో, ఎంతసేపు, ఎంత ఖర్చు, వెళ్లాలనుకుని మానేసింది ఏదైనా ఉందా. ఆడవాళ్లను ఆడవాళ్లే అడిగితే మంచిది. ఇంటి పెద్ద ఒక్కడే జవాబు చెబితే ఆ ఇంట్లో ప్రయాణాలు సగం మాయమైపోతాయి. పిల్లను బడికి దించడం, కూరగాయలకు రైతు బజార్‌కు వెళ్లడం, అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆయన లెక్కలో ప్రయాణాలే కావు.

ఊరి బయటి నుంచి వచ్చేవాళ్ల కోసం ఒక ఉదయం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర, మరో ఉదయం రైల్వే స్టేషన్ దగ్గర బస్సు, రైలు దిగినవాళ్లను ఎక్కడికి వెళ్తున్నారో అడగండి. మనది జంక్షన్ స్టేషన్. హౌరా, చెన్నై లైను మీద ఉండి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ వైపు లైను విడిపోయేది ఇక్కడే. విశాఖలో ఉద్యోగం చేసి రాత్రికి ఇంటికొచ్చేవాళ్లు ఎందరో. స్టేషన్ నుంచి వాళ్ల ఇంటికి చివరి మూడు కిలోమీటర్లు ఎలా వెళ్తున్నారన్నది ప్లాన్‌లో ఒక అధ్యాయం కావాలి.

ప్రమాదాల లెక్క పోలీసుల దగ్గర ఉంటుంది. గత మూడేళ్లవి, చోటు వారీగా అడగండి. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలున్న ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. మీ దగ్గరి మలుపు ఆ లెక్కకు చేరితే దానికి విడిగా నిధులు అడగవచ్చు. చేరకపోతే చేరేదాకా ఆగాలా అన్న ప్రశ్న కూడా అర్జీలో రాయండి.

ఏం అడగాలి, ఏ వరుసలో అడగాలి

తక్కువ ఖర్చుతో, ఎవరి ఇల్లూ పోకుండా అయ్యేవి ముందు. భూసేకరణ కావాల్సినవి చివర.

మొదట జంక్షన్ దిద్దుబాటు. ఆటో స్టాండ్‌ను మలుపు నుంచి కాస్త లోపలికి జరపడం, బస్ స్టాప్‌ను సిగ్నల్ దాటాక పెట్టడం, అడ్డంగా దాటేవాళ్లకు మధ్యలో నిలబడే చోటు. తర్వాత ఫుట్‌పాత్. ఫుట్‌పాత్‌లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన నియమావళి ప్రకారం నడవడానికి ఖాళీగా ఉండాల్సిన వెడల్పు కనీసం 1.8 మీటర్లు. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, చెట్టు ఆక్రమించిన చోటు అందులో లెక్కకు రాదు. కొలిచి చూడండి, టేపు పట్టుకుని ఫొటో తీయండి.

తోపుడు బండ్ల గురించి ఒక మాట. "ఆక్రమణలు తొలగించాలి" అని రాసేయడం తేలిక. కానీ 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే జరగాలి, ధ్రువపత్రాలు ఇవ్వాలి, అప్పటిదాకా ఖాళీ చేయించకూడదు. పట్టణ వీధి వ్యాపార కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు కనీసం 40 శాతం ఉండాలి. కాబట్టి వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడ అమ్మాలో గీసిన మ్యాప్ ఇస్తే అది నిలబడుతుంది. తరిమేద్దామన్నది నిలబడదు, నిలబడకూడదు కూడా.

తర్వాత బస్సులు. ఏ కాలనీ నుంచి ఎన్ని నిమిషాలకొకటి కావాలో మీ ఇంటింటి సర్వే చెబుతుంది. ఆ తర్వాతే బైపాస్. రాత్రి పూట ఊళ్లోంచి పోయే లారీల నంబర్లలో ఒడిశావి, ఛత్తీస్‌గఢ్‌వి ఎన్నో ఒక గంట లెక్కించండి. అవి ఊళ్లో ఆగేవి కావు, దారి లేక వస్తున్నవి. బైపాస్ అడిగేటప్పుడు దాని వెంట లేఅవుట్లకు నేరుగా దారి ఇవ్వకూడదన్న షరతు కూడా అడగండి. లేకపోతే పదేళ్లలో ఆ బైపాస్‌కు ఇంకో బైపాస్ కావాలి.

చివరన విస్తరణ. కొన్ని చోట్ల తప్పదు, ఒప్పుకుంటాను. స్థలం పోయేవాళ్లకు డబ్బు బదులు టీడీఆర్ బాండ్, అంటే వేరేచోట అదనంగా కట్టుకునే హక్కునిచ్చే, అమ్ముకోదగ్గ పత్రం ఇస్తామంటారు. పెద్ద నగరంలో బిల్డర్లు ఆ బాండ్ కొంటారు. ఎత్తైన భవనాలు అంతగా లేని మన ఊళ్లో దాన్ని అమ్ముకోవడం కష్టమని నా అంచనా. ఏది ఎంచుకునే హక్కు యజమానికి ఉందో కార్పొరేషన్‌ను రాతపూర్వకంగా అడగండి.

చెరువులు, గెడ్డల మీదుగా గీసిన రోడ్లను వదలొద్దు. ఖాళీగా కనిపిస్తుంది కాబట్టి గీత అటు పోతుంది. వానాకాలంలో ఆ నీళ్లు ఎవరి వీధిలోకి వస్తాయో మీకు తెలుసు, విశాఖలో కంప్యూటర్ ముందు కూర్చున్నతనికి తెలియదు.

మనకే ప్రత్యేకమైనది ఇంకొకటి ఉంది. పైడితల్లమ్మ పండగలో పూజారి కూర్చునే పొడవాటి మాను, సిరిమాను, మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ దారిలో ఫ్లైఓవర్, ఎత్తైన డివైడర్, రోడ్డుకు అడ్డంగా సైన్ బోర్డు ఏది ప్రతిపాదించినా సిరిమాను ఎత్తును, మలుపును చూసి పెట్టారా అని అడగాలి. పండగ మార్గాన్ని ప్లాన్ మ్యాప్‌లోనే గుర్తించమనండి. ఆలయ అధికారుల దగ్గర కొలతలు తీసుకుని జత చేస్తే ఎవరూ కాదనరు.

ముసాయిదా వచ్చాక

నోటిఫికేషన్‌లో అభ్యంతరాలకు గడువు తేదీ ఉంటుంది, మామూలుగా నెల రోజులు. గడువు దాటిన కాగితానికి విలువ లేదు. ఒకే అర్జీ మీద రెండు వందల సంతకాలు పెడితే అది ఒక అభ్యంతరంగానే నమోదయ్యే ప్రమాదం ఉంది. విడివిడిగా ఇవ్వండి, ఒక్కొక్కరు తమ ఇంటి సంగతి ఒక్క వాక్యమైనా చేర్చండి. ఇలా రాయవచ్చు:

"విషయం: ముసాయిదా మ్యాప్ షీట్ నం. ___లో, సర్వే నం. ___ మీదుగా ప్రతిపాదించిన ___ అడుగుల రోడ్డుపై అభ్యంతరం, ప్రత్యామ్నాయ సూచన.

అయ్యా, ఈ రోడ్డు వల్ల ___ ఇళ్లు, ___ చెరువు గట్టు దెబ్బతింటాయి. ___ తేదీన మేం తీసిన లెక్క ప్రకారం ఇక్కడ రద్దీ గంటకు ___ పీసీయూలు. పక్కన పార్కింగ్ క్రమబద్ధం చేస్తే ప్రస్తుత వెడల్పే సరిపోతుందని జతచేసిన పట్టిక చూపుతుంది. ప్రత్యామ్నాయంగా ___ వీధి గుండా దారిని పరిశీలించగలరు. నా అభ్యంతరంపై విచారణకు నన్ను పిలవాలని, తీసుకున్న నిర్ణయాన్ని కారణాలతో తెలియజేయాలని కోరుతున్నాను."

ఈ చివరి వాక్యం మానకండి. లేకపోతే "పరిశీలించబడినది" అనే ఒక్క మాటతో ఫైలు మూసేస్తారు. రెండు ప్రతులు పట్టుకెళ్లి ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. ఆన్‌లైన్‌లో పంపినా చేతికిచ్చిన కాగితం వేరు. ముసాయిదాలో మీకు నచ్చినవి ఉంటే వాటిని సమర్థిస్తూ కూడా రాయండి. ఫుట్‌పాత్ ప్రతిపాదనను దుకాణదారులు వ్యతిరేకిస్తూ వంద ఉత్తరాలిచ్చి, నడిచేవాళ్లు ఒక్కటీ ఇవ్వకపోతే ఆ ఫుట్‌పాత్ తుది ప్లాన్‌లో ఉండదు.

ఖరారయ్యాక

తుది ప్లాన్‌లో మొదటి ఐదేళ్లకు అని పెట్టిన పనుల జాబితా విడిగా రాసుకోండి. ఏటా కార్పొరేషన్ బడ్జెట్ వచ్చినప్పుడు వాటిలో దేనికి డబ్బు కేటాయించారో చూడండి. కేటాయింపు లేని పని అంటే ఆ ఏడాదికి లేనట్టే.

కొలవడానికి నాలుగు అంకెలు చాలు: కాంప్లెక్స్ నుంచి కలెక్టరేట్‌కు సాయంత్రం బస్సు పట్టే నిమిషాలు, మీ వార్డులో అడ్డం లేకుండా నడవగల ఫుట్‌పాత్ మీటర్లు, ఏడాదిలో రోడ్డు ప్రమాద మరణాలు, మీ కాలనీకి రోజుకు వచ్చే బస్సుల సంఖ్య. అదే నెలలో, అదే వారంలో, అదే జంక్షన్లలో ఏటా ఒకసారి లెక్క తీసి ఒకే ఫైల్లో పెట్టండి. ఫైలు వార్డులో ఇద్దరి దగ్గర ఉండాలి, ఒకరు బదిలీపై వెళ్లినా, పిల్లల దగ్గరికి వెళ్లిపోయినా పోకుండా. ఐదేళ్లకు సవరణ రావాలి కాబట్టి నాలుగో ఏడాదే వీఎంఆర్‌డీఏకు, కార్పొరేషన్ కమిషనర్‌కు ఆ అంకెలతో ఉత్తరం రాసి, సర్వే ఎప్పుడు మొదలవుతుందో అడగండి.